పీత ఏ నీళ్లలోదో చెప్పండి: తెలంగాణ ఆహార భద్రతా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

2024 వేసవిలో మీ టాస్క్‌ఫోర్స్ వాళ్లు హైదరాబాద్ హోటళ్ల వంటగదుల్లోకి వెళ్లి ఎక్స్‌లో ఫోటోలు పెడుతుంటే ఊరంతా ఫోన్లు పట్టుకుని చూసింది. బొద్దింకలు, డేటు దాటిన ప్యాకెట్లు, మూత లేని డస్ట్‌బిన్లు. అదే ఏడాది అక్టోబర్ చివర్లో పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ని ఏడాదిపాటు ఆపేశారు. మంచి పనులే, కాదనను. కానీ అవన్నీ ఇవాళ తింటే రేపటికల్లా కడుపు పట్టుకునేలా చేసే సంగతులు. నేను రాస్తున్నది ఏళ్ల తరబడి తిన్నాక ఎప్పుడో కిడ్నీ రిపోర్టులో బయటపడే దాని గురించి. అప్పుడు కారణం పీతల పులుసు అని ఏ డాక్టరూ రాయడు, రాయలేడు కూడా.

అడిగేది ముందే చెప్పేస్తాను, మీ టైమ్ వృథా కాకుండా. సముద్రం నుంచి హైదరాబాద్‌కి వచ్చే పీతలు, రొయ్యలు, ఆల్చిప్పలు, స్క్విడ్ (ఆక్టోపస్ జాతి సముద్ర జీవి) లాంటి వాటిలో కాడ్మియం, సీసం, పాదరసం అనే విష లోహాలు ఎంతున్నాయో క్రమం తప్పకుండా పరీక్ష చేయించండి, వాటిని ఏ తీరంలో పట్టారో ఆ ఊరి పేరుతో సహా ఫలితాలు జనం ముందు పెట్టండి.

నేను సైంటిస్టుని కాదు. పుట్టిల్లు కాకినాడ, మెట్టినిల్లు విద్యానగర్, అందుకని ఆదివారం పొద్దున్నే రామ్‌నగర్ చేపల మార్కెట్‌కి వెళ్లడం అలవాటు. అక్కడ పీతలు కోసే ఆవిడ చెయ్యి చూస్తే ముచ్చటేస్తుంది. పీతని వెల్లకిలా తిప్పి, పొట్ట మీద రేకు లాగి, పైడిప్ప ఒక్క ఊపులో ఊడదీస్తుంది. డిప్పలో పసుప్పచ్చగా జారుతూ ఉండే ముద్ద పారేయబోతే నా పక్కనున్న పెద్దాయన ఆపి, "అదే కదమ్మా అసలు రుచి, ఉండనీ" అన్నాడు. ఆ ముద్ద సంగతి తర్వాత చెప్తాను. పీతలు ఎక్కడివి అని అడిగితే ఆవిడ నవ్వింది. "మాకేం తెలుస్తది అక్కా, రాత్రి లారీల వస్తయి, డబ్బాల వస్తయి. వైజాగ్ అంటరు, నెల్లూరు అంటరు, మద్రాస్ అంటరు. ఎండ్రికాయ ఎండ్రికాయే గదా." ఆవిడని తప్పు పట్టడానికి ఏమీ లేదు. తెల్లటి థర్మాకోల్ డబ్బా మీద ఎవరో మార్కర్‌తో గీసిన రెండక్షరాలు తప్ప ఇంకేమీ లేవు, అవి ఊరో ఏజెంటు పేరో కూడా తెలియదు.

ఊరి పేరే ఎందుకు పట్టుకు వేలాడుతున్నానంటే, షెల్‌ఫిష్ (పీతలు, రొయ్యలు, ఆల్చిప్పల్లాంటివి) విషయంలో అన్నీ ఆ ఊరి నీళ్లమీదే ఆధారపడి ఉంటాయి. చేపకి ఈది పోయే దారి ఉంది. ఆల్చిప్పకి లేదు, అది కూర్చున్న చోటే కూర్చుని నీళ్లు లోపలికి పీల్చి, వడకట్టి, తిండి ఉంచుకుని నీళ్లు వదిలేస్తుంది. ఆల్చిప్పల్లో ఒక రకమైన ఆయిస్టర్, పెద్దది ఒకటి, అన్నీ అనుకూలిస్తే, రోజుకి 150 లీటర్ల పైచిలుకు నీళ్లు వడకడుతుందంటారు. నీళ్లు పోతాయి, లోహం మాత్రం కాఫీ ఫిల్టర్‌లో పొడి మిగిలినట్టు దాని ఒంట్లో మిగిలిపోతుంది. కాడ్మియాన్ని పట్టి ఉంచే ప్రోటీన్ ఒకటి దాని కణాల్లోనే తయారవుతుంది, అందుకే అది చావదు, అనారోగ్యంగా కనబడదు, వాసన రాదు. కంటికి నిగనిగలాడుతూనే ఉంటుంది. ఈ గుణం ఉంది కాబట్టే అమెరికా ప్రభుత్వం 1986 నుంచి మస్సెల్ వాచ్ అని ఒక కార్యక్రమం నడుపుతోంది. తీరం పొడవునా ఎంచుకున్న చోట్ల మస్సెల్స్ (ఇవీ ఆల్చిప్ప రకమే), ఆయిస్టర్లు తీసి, వాటి మాంసంలో లోహాలు, పురుగుమందులు ఎంతున్నాయో కొలుస్తారు, దాన్నిబట్టి ఆ నీళ్ల సంగతి తెలుసుకుంటారు. అంటే సముద్రాన్ని పరీక్ష చేయడానికి వాళ్లు వాడే జీవినే మనం మిరియాలు వేసి వేపుడు చేసుకుంటున్నాం.

ఇంకో మాట, వంట చేసే వాళ్లందరూ వినాల్సింది. ఉడికిస్తే పోతుంది, ఉప్పునీళ్లలో నానబెడితే పోతుంది, పసుపు రాస్తే పోతుంది అనేవేవీ లోహాలకి వర్తించవు. అవి మూలకాలు. ఎంత ఉడికించినా కాడ్మియం కాడ్మియంగానే ఉంటుంది, మహా అయితే కొంత పులుసులోకి దిగుతుంది, ఆ పులుసు మనం అన్నంలో కలుపుకుంటాం. ఆల్చిప్పల్ని ఒకటి రెండు రోజులు శుభ్రమైన నీళ్లలో ఉంచితే బ్యాక్టీరియా తగ్గుతుంది, విదేశాల్లో అలా చేసే అమ్ముతారు. కానీ కాడ్మియం ఆ రెండు రోజుల్లో కదలదు.

ఇప్పుడు ఆ పసుపు ముద్ద. అది కొవ్వు కాదు, గుడ్డు కూడా కాదు (గుడ్డు ఎర్రటి నారింజ రంగులో విడిగా ఉంటుంది). అది పీతకి లివర్ లాంటిది, జీర్ణం చేసే అవయవం, కాడ్మియం ముందుగా చేరేది అక్కడే. కాళ్లలో, డెక్కల్లో ఉండే తెల్ల మాంసం కంటే అందులో చాలా రెట్లు ఎక్కువ ఉండొచ్చు. యూరప్ వాళ్లు పీతకి పెట్టిన పరిమితి కూడా తెల్ల మాంసానికే. రొయ్య తలలోనూ ఇదే అవయవం ఉంటుంది, స్క్విడ్ పొట్టలోనూ ఉంటుంది. స్క్విడ్‌ని పట్టగానే లోపలి భాగాలు తీసేయకుండా ఐసులో పడేస్తే అందులోంచి కాడ్మియం బయటి తెల్ల కండలోకి ఊరుతుంది. మా అత్తగారికి రొయ్య తలకాయల పులుసంటే ప్రాణం. ఆవిడకి ఇదంతా చెప్తే "మా అమ్మ ఎనభై ఏళ్లు తింది, ఏమైంది" అంటారు. ఆవిడ అమ్మగారి కాలంలో ఆ తీరం పొడవునా ఇన్ని పోర్టులు, రిఫైనరీ, ఉక్కు ఫ్యాక్టరీ, థర్మల్ స్టేషన్లు, మందుల కంపెనీలు లేవు కదా అత్తయ్యా అంటే దానికి జవాబు లేదు, ఆదివారం మాత్రం తలకాయలు తెమ్మంటారు.

లెక్క కూడా చూద్దాం, ఎక్కువేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కలిసి నడిపే నిపుణుల కమిటీ 2010లో కాడ్మియానికి ఒక హద్దు చెప్పింది, ఒంటి బరువు కిలోకి నెలకి 25 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి నెల మొత్తానికి 1.5 మిల్లీగ్రాములు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం సముద్రపు ఆల్చిప్ప జాతి మాంసంలో కిలోకి 2 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చు, యూరప్‌లో 1 మిల్లీగ్రాము దాటకూడదు. అంటే కోడెక్స్ అంచున ఉన్న సరుకు, నిబంధన దాటని సరుకే, పెంకు తీశాక నెలకి ముప్పావు కిలో తింటే చాలు, ఆ నెల కోటా అయిపోయింది. బియ్యంలోంచి, ఆకుకూరల్లోంచి వచ్చేది ఇంకా కలపలేదు. సిగరెట్ తాగేవాళ్లకి పొగలోంచి వచ్చేది వేరే. ఒకసారి కిడ్నీలోకి చేరిన కాడ్మియంలో సగం పోవడానికి 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. ఇక సీసానికి అదే కమిటీ అంతకుముందు చెప్పిన హద్దుని 2010లో వెనక్కి తీసుకుంది, ఎందుకంటే పిల్లల మెదడు విషయంలో ఇంతవరకు ఫర్వాలేదు అని చెప్పగలిగే మోతాదే వాళ్లకి దొరకలేదు.

ఇందులో మన రాష్ట్రానికి ప్రత్యేకంగా తగిలే సంగతి ఒకటుంది. ఒంట్లో ఐరన్ తక్కువున్న వాళ్లు కాడ్మియాన్ని ఎక్కువగా పీల్చుకుంటారు, పేగులో ఆ రెండిటికీ దారి ఒకటే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. రక్తం పడుతుందని వాళ్లకి మనం చెప్పేదేమో పీతలు తినమని, రొయ్యలు తినమని. తప్పు సలహా కాదు అది, షెల్‌ఫిష్‌లో జింక్, బి12, అయోడిన్ బాగా ఉంటాయి, నేనూ మానలేదు, ఎవర్నీ మానమనను. కాకపోతే తినమని చెప్పే ప్రభుత్వమే అందులో ఇంకేముందో కూడా చెప్పాలి.

మీరు అనొచ్చు, రూల్స్ ఉన్నాయి కదా అని. ఉన్నాయి. ఆహారంలో కలుషితాల మీద 2011 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధనల్లో సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్ అన్నిటికీ హద్దులున్నాయి. నా బాధంతా అవి ఎవరి పళ్లెం కోసం పనిచేస్తున్నాయన్నదే. 2023-24లో మన దేశం 17.8 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది, విలువ 60,523 కోట్లు. అలా వెళ్లే సరుకు వెనక ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ఉంది, ఎగుమతి తనిఖీ మండలి ఉంది, ల్యాబ్ కాగితం ఉంది. అక్కడ దిగాక మళ్లీ వాళ్లు చూస్తారు. ఇండియా నుంచి వెళ్లిన ఫ్రోజెన్ స్క్విడ్, కటిల్‌ఫిష్‌లో కాడ్మియం ఎక్కువుందని యూరప్ అలర్ట్ వ్యవస్థలో నోటీసులు పడటం కొత్తేం కాదు. అదే సముద్రంలో, అదే వలలో పడిన స్క్విడ్ మాదాపూర్‌లో కలమారి రింగ్స్ అయి ప్లేట్లోకి వస్తుంది, దానికి నోటీసూ లేదు, కాగితమూ లేదు. స్పెయిన్‌లో తినేవాడి కిడ్నీకి ఉన్న విలువ మియాపూర్‌లో తినేవాడి కిడ్నీకి లేదా? కోపంగా అడుగుతున్నానని అనుకోకండి, కోపమే కానీ మీ మీద కాదు.

2006 నాటి ఆహార భద్రతా చట్టంలో 40వ సెక్షన్ చదివితే కొన్నవాళ్లే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టు దగ్గర పరీక్ష చేయించుకోవచ్చని ఉంది. చదవగానే సంతోషం వేసింది, తర్వాత ఆలోచిస్తే నీరుగారిపోయింది. పరీక్ష చేయిస్తున్నానని కొనేటప్పుడే అమ్మేవాళ్లకి చెప్పాలి. రిపోర్టు రావడానికి చట్టం ఇచ్చిన గడువు 14 రోజులు. పద్నాలుగు రోజులకి ఆ పీతలు తిన్నవాళ్లు తినేశారు, ఆ డబ్బాలు చెత్తలోకి పోయాయి. సరే, రిపోర్టులో కాడ్మియం ఎక్కువని వచ్చిందనుకోండి, నోటీసు ఎవరికి? రామ్‌నగర్‌లో గోనెపట్టా మీద కూర్చున్న ఆవిడకి. ఆవిడ పాలల్లో నీళ్లు కలిపినట్టు కాడ్మియం కలిపిందా? చివర్లో ఉన్న మనిషిని పట్టుకునే ఈ పద్ధతి కల్తీకి పనికొస్తుందేమో గానీ నీళ్లలోంచి వచ్చిన లోహానికి పనికిరాదు. అందుకే మార్కెట్‌లో రైడ్లు చేయమని నేను అడగడం లేదు. దయచేసి చేయొద్దు. కేసు పెట్టడానికి తీసే శాంపిల్ వేరు, పరిస్థితి తెలుసుకోవడానికి తీసే సర్వైలెన్స్ శాంపిల్ వేరు, ఆ తేడా మీకు నాకంటే బాగా తెలుసు. నాకు కావాల్సింది రెండోది.

2018లో చేపల్లో ఫార్మలిన్ గొడవ గుర్తుందా? అప్పుడు అస్సాం మన ఆంధ్రా చేపల్ని పది రోజులు ఆపేసింది, గోవా బయటి చేపల్ని కొన్నాళ్లు రానివ్వలేదు. దెబ్బ తిన్నది జాలర్లు, చిల్లరగా అమ్ముకునేవాళ్లు. మందు పూసినవాడు ఎవడో ఎవరికీ తెలియలేదు. ఫార్మలిన్‌ని అయితే కొచ్చిలోని సిఫ్ట్ (కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ) వాళ్లు తయారుచేసిన స్ట్రిప్పు కిట్లతో నిమిషాల్లో పట్టుకోవచ్చు. లోహాలకి అలాంటి చిట్టి స్ట్రిప్పు చాలదు. మాంసాన్ని యాసిడ్‌లో కరిగించి ఐసీపీ-ఎంఎస్ లాంటి పెద్ద మెషీన్‌లో పెట్టాలి. ఆ మెషీన్ ఎక్కడుంది అంటారా, అక్కడే నాకు ఆశ్చర్యం.

సముద్రం లేని ఈ ఊళ్లోనే అన్నీ ఉన్నాయి. మీ రాష్ట్ర ఫుడ్ ల్యాబ్ నాచారంలో ఉంది. హబ్సిగూడలో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ఈసీఐఎల్ దగ్గర బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ల సెంటర్, పదార్థాల్లో అతి సూక్ష్మంగా ఉన్న మూలకాలని కొలవడమే ఆ సెంటర్ పని. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో 528 ఆహార పదార్థాలున్నాయి, సముద్రపు షెల్‌ఫిష్‌కి విడిగా విభాగం ఉంది, ఇనుము, జింక్‌తో పాటు కాడ్మియం, సీసం అంకెలు కూడా వేశారు. గొప్ప పని, కానీ అది దేశం మొత్తానికి సగటు, రామ్‌నగర్ డబ్బాకి అది జవాబు చెప్పదు. ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) ఉంది, చేపలు ఎక్కడ దొరుకుతాయో జాలర్లకి రోజూ చెప్పేది వాళ్లే. ఇక పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద 235వ పిల్లర్ దగ్గర అచ్చం చేప ఆకారంలో కట్టిన బిల్డింగ్, ఎయిర్‌పోర్టుకి వెళ్లే ప్రతివాడూ సెల్ఫీ దిగేది, జాతీయ మత్స్య అభివృద్ధి మండలిది, ఆ మండలిని 2006లో పెట్టారు. చేపలు ఎక్కువ తినండి అని ప్రచారం చేసేది ఆ బోర్డే. ఇన్ని ఆఫీసులూ ఒకే ఊళ్లో పెట్టుకుని, ఒక్క మీటింగ్‌కి ఓలా బుక్ చేసుకుని వెళ్లే దూరంలో ఉండి, ఆదివారం మార్కెట్‌లో పీత సంగతి చెప్పేవాళ్లు లేరంటే ఏమనుకోవాలి సార్?

సరుకు మనది కాదు, ఆంధ్రా నుంచో తమిళనాడు నుంచో కేరళ నుంచో వస్తుంది కాబట్టి మన చేతిలో లేదు అని మాత్రం అనొద్దు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితా వేసినప్పుడు అప్పటి ఉమ్మడి రాష్ట్రం నుంచి ఎక్కినవి రెండే, ఒకటి విశాఖపట్నం, రెండోది మన పటాన్‌చెరు-బొల్లారం. పటాన్‌చెరు దగ్గర నక్కవాగు పక్కన ఊళ్లవాళ్లు బోరు నీళ్ల కోసం ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారో ఈ ఊరికి తెలుసు. కొలిచి కాగితం మీద పెడితే తప్ప ఎవరూ కదలరన్నది అక్కడ నేర్చుకున్నదే. జపాన్‌లో పాదరసం చేరిన చేపలు, ఆల్చిప్పలు తిన్నవాళ్లకి వచ్చిన మినమాట జబ్బు 1956లో అధికారికంగా బయటపడింది, ఆ పాదరసం వదిలిన ఫ్యాక్టరీ దాన్ని ఆపింది 1968లో. మధ్యలో పన్నెండేళ్లు. మన తీరంలో అంత ఘోరం జరుగుతోందని నేను అనడం లేదు, పీతలు తినేవాళ్లని టెన్షన్ పెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ పన్నెండేళ్లూ ఫలితాలు ఎవరి సొరుగులో ఉన్నాయన్నదే నాకు గుర్తొస్తుంది.

కాబట్టి చేయగలిగింది చెప్తాను. రామ్‌నగర్, బేగంబజార్ మార్కెట్లకి వచ్చే సముద్రపు పీతలు, స్క్విడ్, ఆల్చిప్ప జాతులు, బేగంబజార్ ఎండురొయ్యలు కూడా (ఎండబెడితే నీరు పోయి లోహం మోతాదు చిక్కబడుతుంది కాబట్టి వాటిని అస్సలు వదలొద్దు) మూడు నెలలకొకసారి శాంపిల్ తీయించండి. వానాకాలం ముందు, తర్వాత అంకెలు మారతాయి కాబట్టి ఒక్కసారి తీసి వదిలేస్తే లాభం లేదు. పీతలో తెల్ల మాంసం వేరుగా, పసుపు ముద్ద వేరుగా కొలవండి. ఆర్సెనిక్ విషయంలో మొత్తం అంకె ఒక్కటే వేసి జనాన్ని బెదరగొట్టొద్దు, సముద్ర జీవుల్లో ఉండే ఆర్సెనిక్‌లో ఎక్కువ భాగం హాని చేయని రూపంలోనే ఉంటుంది, హాని చేసే ఇనార్గానిక్ ఆర్సెనిక్ విడిగా ఎంతో రాయండి. చెరువుల్లో పెంచే వనామీ రొయ్యకి, సముద్రంలో పట్టిన రొయ్యకి ఒకే లైన్ వేయొద్దు, రెండిటి నీళ్లూ తిండీ వేరు. కాకినాడ అఖాతం ఆల్చిప్పకి, విశాఖ హార్బర్ పక్కన దొరికే దానికి, చెన్నై పక్కన ఎన్నూర్ దగ్గర దానికి ఒకే పేరు పెట్టి సగటు తీస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

ఊరి పేరు డబ్బా మీదకి ఎలా వస్తుందంటారా. అమెరికాలో ఆయిస్టర్ బస్తాకి ఒక ట్యాగ్ కడతారు, ఏ నీళ్లలో తీశారు, ఏ తేదీన తీశారు అని ఉంటుంది. హోటల్ వాడు బస్తా ఖాళీ అయ్యాక కూడా ఆ ట్యాగ్‌ని 90 రోజులు దాచాలి. 1920ల్లో ఆయిస్టర్ల వల్ల టైఫాయిడ్ వచ్చి జనం చచ్చాక పెట్టుకున్న ఏర్పాట్లలోంచి వచ్చిన పద్ధతి అది. కాగితం ముక్క, తాడు, అంతే. మన దగ్గరే కేరళ అష్టముడి సరస్సు ఆల్చిప్పలకి, అవి తరిగిపోకుండా పద్ధతిగా తీస్తున్నందుకు, 2014లో అంతర్జాతీయ సర్టిఫికెట్ వచ్చింది, ఎక్కడ తీశారో ఎప్పుడు తీశారో రాసుకోవడం మన జాలర్లకి చేతకాని పనేం కాదు. కాకపోతే దాన్ని చిల్లర అమ్మకందార్ల మీద రుద్దకండి. లారీ ఎక్కించే హోల్‌సేల్ ఏజెంటు లైసెన్సుకి ముడిపెట్టండి, డబ్బా మీద రేవు పేరు లేకపోతే మార్కెట్‌లో దింపనివ్వొద్దు. అంకె ఎక్కువొచ్చిన చోటు గురించి ఆ రాష్ట్రం వాళ్ల కాలుష్య నియంత్రణ మండలికి ఉత్తరం రాయండి, ఆ ఉత్తరం కాపీ కూడా మాకు కనబడేలా పెట్టండి.

అప్పటిదాకా ఇళ్లల్లో మేం చేసుకునేది మేం చేసుకుంటాం. కడుపుతో ఉన్నవాళ్లకి, చిన్న పిల్లలకి పీత పసుపు ముద్ద పెట్టం, స్క్విడ్ లోపలంతా తీసేసి కడుగుతాం, వారం వారం అదే రకం కాకుండా మార్చి మార్చి కొంటాం. మా అత్తగారి తలకాయల పులుసు నెలకొకసారికి తగ్గించడానికి బేరాలు నడుస్తున్నాయి.

మృగశిర కార్తె రోజు ఈ ఊళ్లో చేప తినని ఇల్లు వెతకాలి, ఆ వారం రామ్‌నగర్‌లో కాలు పెట్టే చోటుండదు. వచ్చే మృగశిరలోపు మొదటి విడత ఫలితాలు మార్కెట్ గేటు దగ్గర ఒక బోర్డు మీద రాయించండి. తెలుగులో, ఉర్దూలో, పెద్ద అక్షరాల్లో, పీతలు కోసే ఆవిడ కూడా చదివి కొనేవాళ్లకి చెప్పగలిగేలా. అంకెలు బాగుంటే ఆవిడ వ్యాపారమే పెరుగుతుంది. ఈ లేఖకి జవాబు రాసేటట్టయితే అది కూడా అక్కడే అంటించండి.

ఇట్లు,
విద్యానగర్ నుంచి, పీతలు కొనే ఒక ఇల్లాలు